బజ్జీల వాసనేసే బండి

“రాయితీ డీజిల్ పేదవాడి హక్కు. కలిగినవాడు దానిమీద చెయ్యి వెయ్యడమంటే, ఆకలితో కూర్చున్నవాడి కంచంలోంచి ముద్ద తీసుకోవడమే!”

ఈ మహావాక్యం నాది. మా జిల్లా ఆఫీసు ఉద్యోగుల భార్యల సంఘం వార్షికోత్సవంలో మైకు ముందు నిలబడి, గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికించి చదివాను. అధ్యక్షురాలు బు కుస్నాది రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆవిడ ఒత్తుకోగానే మొదటి వరుస ఒత్తుకుంది. మొదటి వరుస ముగించాక రెండో వరుస మొదలుపెట్టింది. మా సంఘంలో కన్నీళ్ళు కూడా హోదా ప్రకారమే వస్తాయి.

మా ఊరు జావా కొండల మధ్య చిన్న జిల్లా కేంద్రం. ఇక్కడ భార్యకి సొంత పేరు ఉంటుంది గానీ దానికి పని ఉండదు. నా పేరు రెత్నానింగ్సిహ్. అది మా అమ్మకీ బ్యాంకుకీ మాత్రమే తెలుసు. లోకానికి నేను బు హెర్తాంతోని, అంటే హెర్తాంతో గారింటి అమ్మగారిని. మావారు జిల్లా ఆఫీసులో ప్రజాహిత విభాగానికి అధిపతి. పక్కగదిలో ప్రణాళికా విభాగానికి అధిపతి ప్రసోజో గారు. ఇద్దరిదీ ఒకే హోదా, ఒకే జీతం, ఒకే కొలత బల్ల. కనక నాకూ బు ప్రసోజోకీ మధ్య ఎంత ప్రేమ ఉండాలో అంతే ఉంది.

నా వాక్యాన్ని బ్యానరు చేయించారు. ఊరిచివర బంకులో, లారీలు బారు తీరే చోటుకి ఎదురుగా కట్టారు. వాక్యం కింద సంఘం ముద్ర, ముద్ర కింద బు కుస్నాది చిరునవ్వు. జిల్లా పెద్దాఫీసరు గారి భార్య చిరునవ్వు నెత్తిమీద వేలాడుతుంటే బంకు యజమానికి నిద్ర పట్టలేదనుకుంటాను. వారం తిరక్కుండా కొండరైతులు తెచ్చే క్యాన్లకి కోత పెట్టాడు. “దుర్వినియోగం గణనీయంగా తగ్గింది” అని సంఘం నివేదికలో రాసింది కూడా నేనే. “గణనీయంగా” అన్న మాట బు కుస్నాదికి చాలా నచ్చింది.

ఇక మా బండి. ఏడుగురు కూర్చునే తెల్ల డీజిల్ బండి. అది కొత్తదీ కాదు, పాతదీ కాదు, డాక్టరు గారిది. “ఆదివారం తప్ప బయటికి తీసేవారు కాదండీ” అని అమ్మినవాడు చెప్పాడు. మా ఊళ్ళో చేతులు మారిన ప్రతి బండీ ఎవరో ఒక డాక్టరు గారు ఆదివారాలు మాత్రమే నడిపిందే. ఆ లెక్కన మా జిల్లాలో రోగులకంటే డాక్టర్లు ఎక్కువ ఉండాలి, వాళ్ళందరూ వారమంతా నడిచే తిరుగుతూ ఉండాలి. నేను సీట్లకి కొత్త ప్లాస్టిక్ కవర్లు కొని తొడిగాను. కొత్త బండికి ప్లాస్టిక్ తియ్యకపోవడం మా ఊరి మర్యాద. పాత బండికి కొని తొడగడం నా తెలివి. కూర్చుంటే ఉడికిపోతాం, లేస్తే చిటచిట చప్పుడవుతుంది. ఆ చప్పుడు కోసమే కూర్చుంటాం.

ఇంతటి వాక్యం రాసిన మనిషి తన బండిలో ఏ డీజిల్ పోస్తుందని మీరు అడగొచ్చు. మా ఊళ్ళో ఎవరూ అడగలేదు, అది వాళ్ళ పెంపకం. మీరు అడిగారు కనక చెబుతున్నాను. మేము రాయితీ డీజిల్ ఒక్క చుక్క కూడా కొనలేదు. మాకది కానుకగా వచ్చేది.

మావారి మేనత్త తోడికోడలికి అన్న ఒకాయన, సర్మిడి అని, పైకొండలో క్యాబేజీ పండిస్తాడు. మేం పాక్డే అంటాం, పెదనాన్న వరస. వారానికొకసారి తెల్లవారుతూనే ఆయన క్యాబేజీ ట్రక్కు మా వంటింటి వెనక ఆగుతుంది. ముందు క్యాబేజీలు దిగుతాయి. వాటి వెనక గోనెపట్టా కప్పుకుని క్యాన్లు దిగుతాయి. క్యాన్ల గురించి ఎవరం మాట్లాడం. క్యాబేజీల గురించి మాట్లాడతాం.

“ఈసారి గడ్డ గట్టిగా ఉంది పాక్డే.”

“వానలు బాగా పడ్డాయి బు.”

అప్పుడు సిగరెట్లకి ఉంచుకోమని నేను ఒక కవరు ఇస్తాను. ఆయన వద్దంటాడు. నేను పట్టుబడతాను. ఆయన మళ్ళీ వద్దంటాడు. చివరికి నా మనసు నొప్పించలేక తీసుకుంటాడు. పాక్డేకి సిగరెట్ల అలవాటు లేదు. ఇందులో కొనడం ఎక్కడుంది, అమ్మడం ఎక్కడుంది? బంధుత్వం ఉంది, క్యాబేజీ ఉంది. రైతు తన వాటా డీజిల్‌ని తన బంధువులకి ప్రేమతో పంచుకుంటే దాన్ని ఏ బ్యానరూ ఆపలేదు, ఆపకూడదు.

కానుకకి ఒక్కటే ఇబ్బంది. మూత తీసి వాసన చూడకూడదు.

బండికి జబ్బు వానాకాలం చివర్లో మొదలైంది. మొదట ఎత్తులో నీరసించేది. తర్వాత చదునులో కూడా నీరసించింది. నీరసం పెరిగినకొద్దీ తాగడం పెరిగింది. మా పెద్దబావగారి విషయంలో కూడా సరిగ్గా ఇలాగే జరిగింది కనక నేను కంగారుపడ్డాను.

“నీ కాలు బరువు,” అన్నారు మావారు.

“నా కాలా?”

“ఆడవాళ్ళు బండిని కుట్టుమిషనులా తొక్కుతారు. తాగక ఏం చేస్తుంది?”

మర్నాడు ఆయనే నడిపారు. మార్కెట్ దగ్గర ఎత్తులో కాలు నేలదాకా నొక్కారు. బండి గుర్రుమంది, బూడిదరంగు పొగ వదిలింది, ముందుకు మాత్రం పోలేదు. సైకిలు మీద తాహు, అంటే సోయా పాల ముక్కలు, అమ్ముకునే ముసలాయన మమ్మల్ని దాటుతూ, విభాగాధిపతి గారి బండి కదా అని తల వంచి, “ముందు వెళ్తున్నందుకు మన్నించాలండీ,” అని చెప్పి మరీ వెళ్ళాడు.

“మీ కాలు కూడా బరువెక్కిందా మాస్?” అన్నాను, మా దగ్గర భర్తని పిలిచే పిలుపుతోనే.

“మలుపులో ఏ బండైనా ఇంతే.”

రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంది. నేను ఆ విషయం ఎత్తలేదు. కాపురం అన్నాక ఆయన మలుపులు ఆయనకి ఉంటాయి.

నేను గమనించే మనిషిని. కాలేజీలో రసాయన శాస్త్రం చదువుకున్నాను, ఇంట్లో ఉప్పుడబ్బా మూత సరిగ్గా పడకపోయినా నాకు తెలిసిపోతుంది. అందుకే ఇంకో వింత కూడా నాకంటే ముందు ఎవరూ గమనించలేదు. బండి తీసిన ప్రతిసారీ వీధంతా బజ్జీల వాసన. మొదట పక్కింటివాళ్ళనుకున్నాను. మార్కెట్‌కి వెళ్తే అక్కడా అదే వాసన. బడికి వెళ్తే బడి దగ్గరా అదే. ఆఖరికి శ్మశానం పక్కనుంచి వెళ్తే అక్కడ కూడా ఎవరో సోయాగింజల టెంపే బజ్జీలు వేస్తున్నారు. దీన్నిబట్టి నేను శాస్త్రీయంగా తేల్చింది ఏమిటంటే, మా ఊరి ఆడవాళ్ళకి నూనె వాడకంలో అదుపు బొత్తిగా పోయింది. వచ్చే ఏటి ప్రసంగానికి ఇదే విషయం తీసుకుందామనుకున్నాను.

బండిని పాక్ వాగియో, అంటే వాగియో గారి షెడ్డుకి తీసుకెళ్ళాం. ఆయన మెకానిక్, మా ఊళ్ళో డీజిల్ బండ్లన్నిటికీ ఆయనే వైద్యుడు. డీజిల్ వడపోసే గిన్నె విప్పి పళ్ళెంలోకి వంచాడు. మీగడలా, పసుపుపచ్చగా, సగం పేరుకున్న పదార్థం మెల్లగా జారింది. వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. వెంటనే ఆకాశం వైపు చూశాడు.

“ఏమిటది పాక్ వాగియో?”

“గాలి పట్టిందండి బు.”

జావాలో తలనొప్పికీ, కడుపుబ్బరానికీ, కోడలు మాట్లాడకపోవడానికీ కారణం గాలి పట్టడమే. మనుషులకైతే వీపు మీద నూనె రాసి నాణెంతో గీకి గాలి తీస్తాం. బండికి వీపు ఎటువైపో నాకు తెలియదు.

“గాలి పసుపుగా ఉంటుందా?”

“చలి కదండీ. డీజిల్‌కి కూడా కాస్త జలుబు చేస్తుంది.”

“ఇందులో ఏదైనా కలిసిందంటారా?”

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. శుభ్రమయ్యాక కూడా తుడుచుకున్నాడు. “మీరు పోయించేది ఖరీదు డీజిలే కదండీ.”

“అవును మరి.”

“ఖరీదు డీజిల్లో ఏదీ కలవదు కదండీ.”

“కలవదు.”

“అయితే ఏదీ కలవలేదండీ.”

ఈ తర్కంలో నాకెక్కడా లోపం కనపడలేదు. అది ఖరీదు డీజిల్ కాదని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. ఆ పసుపు పదార్థం ఏమిటో చెప్పాలంటే, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆయన అడగాలి. అడిగితే నేను చెప్పాలి. చెబితే మావారు మర్నాడు ఆఫీసుకి ఏ మొహంతో వెళ్ళాలి? కనక ఇద్దరం కలిసి బండిలో ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ మార్చాం. గాలి వడపోసే అట్ట మార్చాం. రబ్బరు గొట్టాలు మార్చాం. డీజిల్ చిమ్మే ముక్కుల్ని విప్పించి కడిగించాం. మార్చిన ప్రతిసారీ బండి చక్కగా పరిగెత్తేది. మళ్ళీ క్యాబేజీలు వచ్చిన రోజునుంచి మూలిగేది. చివరికి నాకు క్యాబేజీ మీద కూడా అనుమానం వచ్చింది. దాన్ని బండిలో తీసుకెళ్ళడం మానేశాను.

ఇలా ఉండగా సంఘం సమావేశంలో బు కుస్నాది ఒక ఆలోచన బయటపెట్టారు. ఆదర్శ రాయితీ వినియోగదారుణ్ణి ఒకణ్ణి ఎంపిక చేసి, అందరం కొండకి వెళ్ళి, అతని ఇంటి ముందే సన్మానం చెయ్యాలి.

“నిజాయితీపరుడైన రైతు ఎవరైనా మీ ఎరుకలో ఉన్నారా?”

అందరం బల్ల వైపు చూశాం. ముందు మాట్లాడడం మా దగ్గర పద్ధతి కాదు. చాలాసేపయ్యాక నేను సన్నగా అన్నాను. “పైకొండలో సర్మిడి అని ఒకాయన...”

“నేనూ ఆయన్నే అనుకుంటున్నా,” అంది బు ప్రసోజో.

వెనక వరుసలోంచి మరో ఇద్దరు “సర్మిడి గారే” అన్నారు. ఎప్పుడూ నోరు విప్పని కోశాధికారి కూడా తలూపింది.

“నా మనసులో ఉన్న పేరూ అదే,” అన్నారు బు కుస్నాది.

మా సంఘంలో కర్టెన్ల రంగు మీద కూడా ఇంత ఏకాభిప్రాయం ఎన్నడూ కుదరలేదు. మా పాక్డే మంచితనం ఇంత దూరం పాకిందా అని నా కళ్ళు చెమర్చాయి. అధ్యక్షురాలివి ఇంకా చెమర్చలేదు కనక ఆపుకున్నాను.

లేస్తూ లేస్తూ ఆవిడ నా భుజం తట్టారు. “శనివారం కొండకి నేను నీ బండిలో వస్తాను జెంగ్ హెర్.”

జెంగ్ అంటే చెల్లెమ్మ, హెర్ అంటే హెర్తాంతోలో ముందు ముక్క. పైవాళ్ళు కిందివాళ్ళని దగ్గరికి తీసుకునేటప్పుడు వాడే మాట. బు ప్రసోజో నాకంటే చిన్నదయ్యుండీ నన్ను జెంగ్ అంటుంది, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం మాడిపోయిన ఆవిడ మొహం చూస్తే నాకు అన్నీ మర్చిపోవాలనిపించింది.

ఎందుకో చెప్పాలి. ఆ నెలాఖరుకి బదిలీల ఉత్తర్వు. దక్షిణ తీరంలో, ఉప్పుగాలికి తలుపు గడియలు కూడా తుప్పు పట్టే ఒక ఉపకార్యాలయానికి మా ఆఫీసునుంచి ఒక విభాగాధిపతి వెళ్ళాలి. మావారో, ప్రసోజో గారో. సంతకం పెట్టేది కుస్నాది గారు. ఆయన ఏ సంతకం ఎక్కడ పెట్టాలో ఇంట్లో అడిగి తెలుసుకుంటారని ఊరందరికీ తెలుసు. ఆవిడ ఎవరి బండిలో కూర్చుంటే ఆ ఇంటివాళ్ళు సామాను సర్దుకోనక్కర్లేదు. మా అమ్మాయిది వచ్చే ఏడు ఆఖరి పరీక్ష. ఆ తీరంలో అది చదివే చదువు లేదు. వేళాకోళంగా చెబుతున్నాను గానీ ఆ వారం నాకు అన్నం సహించలేదు.

నేరుగా పాక్ వాగియో దగ్గరికి పరిగెత్తాను. “శనివారం కొండెక్కాలి. బు కుస్నాది గారితో.”

ఆయన చేతిలో పనిముట్టు కింద పెట్టేశాడు. “వేరే బండి ఏదైనా...”

“ఆవిడ అడిగింది ఈ బండే.”

“అయితే బు, ట్యాంకు మొత్తం కక్కించేసి, కడిగి, బంకులో ఖరీదు డీజిల్ పోయించండి.”

“ఇప్పుడున్నదీ ఖరీదు డీజిలే కదా?”

“ఖరీదేనండి. కాకపోతే ఈసారి వేరే ఖరీదు పోయించండి.”

ఇంతకంటే స్పష్టంగా జావా మనిషి మాట్లాడలేడు. ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

“బంకుకి వెళ్ళామే అనుకో. ఖరీదు పంపు దగ్గర బండి ఆపుతాం. ఆ కుర్రాళ్ళు ఏమనుకుంటారు?”

“ఖరీదు డీజిల్ పోయించుకుంటున్నారనుకుంటారు.”

“ఇన్నాళ్ళూ ఈ బండి ఇక్కడ కనపడలేదే, మరి దేంతో నడిచిందీ అనుకుంటారు. నువ్వు చదువుకున్నదానివి, ఆ మాత్రం ఆలోచించవా?”

నిజమే. ఇన్నేళ్ళ నిజాయితీ ఒక్కరోజు నిజాయితీతో బయటపడిపోతుంది. పైగా శుక్రవారం తెల్లవారుజామున పాక్డే వచ్చాడు. సన్మానం వార్త తెలిసి ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ సంతోషంలో ఎప్పుడూ తెచ్చేదానికంటే ఒక క్యాను ఎక్కువే దించాడు.

“తాజాది,” అన్నారు మావారు. మూతిదాకా నింపారు.

శనివారం పొద్దున కొండంతా మంచు. అందరం ఊదారంగు బాతిక్ యూనిఫారంలో, కొప్పులు గట్టిగా బిగించుకుని బయల్దేరాం. మా బండి ముందు, వెనక బు ప్రసోజో బండి, ఆ వెనక హోదా ప్రకారం మిగతావి. మావారు నడుపుతున్నారు. బు కుస్నాది మధ్యసీటులో ప్లాస్టిక్ మీద చిటచిటలాడుతూ కూర్చున్నారు.

“హాయిగా ఉంది జెంగ్. కొత్త బండేనా?”

“డాక్టరు గారి సలహా మీద తీసుకున్నామండీ,” అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

కొంత దూరం పోయాక ఆవిడ గాలి పీల్చారు. “ఎక్కడో బజ్జీలు వేస్తున్నారు.”

“పల్లెటూళ్ళు కదండీ.”

పల్లె దాటింది, పొలాలు వచ్చాయి. “ఇక్కడా వేస్తున్నారే!”

“చలి కదండీ.”

“ఈ కొండలో ఇళ్ళే లేవు జెంగ్. వేసేదెవరు?”

అదృష్టవశాత్తూ బండి ఆగిపోయింది. ఊరికే ఆగలేదు, పెద్దవాళ్ళ ప్రాణం పోయినట్టు పోయింది. ముందు వేగం తగ్గింది. తర్వాత దగ్గు. ఒక మేకపిల్ల మమ్మల్ని దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి చూసింది. తర్వాత మౌనం. మావారి కాలు నేలకి అంటుకుపోయి ఉంది. బండి మెల్లగా వెనక్కి జారబోతే చేతిబ్రేకు లాగారు. వెనక బండ్లన్నీ హోదా ప్రకారం ఆగాయి.

బు ప్రసోజో గొడుగు వేసుకుని నడిచొచ్చింది. “ఏమైంది జెంగ్ హెర్? బండి అలిసిపోయిందా?”

“దృశ్యం చూద్దామని ఆపాం.”

ఆవిడ చుట్టూ చూసింది. మంచులో తన గొడుగు తప్ప ఏమీ కనపడటం లేదు. “బాగుంది,” అంది.

ఈలోగా ఎవరో కబురు చెప్పినట్టున్నారు, పైనుంచి క్యాబేజీ ట్రక్కు దిగింది. పాక్డే సర్మిడి సన్మానానికని నల్లకోటు తొడిగి, తలకి బాతిక్ పాగా చుట్టుకుని, చేతిలో మోకు పట్టుకుని దిగాడు. మా బండి దగ్గరకొచ్చాడు. పొగగొట్టం వాసన చూశాడు. మోకు కింద పెట్టేసి రోడ్డు మీదే గొంతుక్కూర్చుని చేతులు జోడించాడు.

“తప్పు నాది బు.”

“మీ తప్పేముంది పాక్డే? గాలి పట్టింది, అంతే.”

“గాలి కాదు బు. మా ఆవిడ నూనె.”

వాళ్ళావిడ పైన బస్సులు ఆగే చోట టెంపే బజ్జీలు అమ్ముతుంది. ఆ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసిన సంగతులన్నీ ఒక్కసారిగా నా తలలో ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

“ఆ బ్యానరు కట్టినప్పటినుంచి బంకులో రోజుకి ఒక్క క్యానే పోస్తున్నారు. నా ట్రక్కుకే చాలదు. మీరేమో కవరు చేతిలో పెడతారు. పెద్దవాళ్ళకి లేదని ఎలా చెప్పను బు? అందుకని బజ్జీలు వేసిన నూనె కలిపాను. గుడ్డతో రెండుసార్లు వడకట్టాను. ఒక్క పలుకు కూడా ఉండదు. కింద ఊళ్ళో పని జరిగిపోతుందనుకున్నాను గానీ, చలికి ఇలా పేరుకుంటుందని నాకు తట్టలేదు.”

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఆదర్శం, వాక్యం, బ్యానరు అన్నీ పోయాయి. ఉప్పుగాలి నా మొహానికి అప్పుడే తగులుతున్నట్టుంది. ఇక అందరి కళ్ళూ నా మీదే ఉంటాయని మెల్లగా తలెత్తాను. ఒక్క కన్నూ నా మీద లేదు. అందరూ పాక్డే వైపే చూస్తున్నారు. అందరి మొహాల్లోనూ ఒకే రకం భయం.

బు కుస్నాది చాలా మెల్లగా అడిగారు. “పాక్డే... మా ఇంటికి తెచ్చేది?”

పాక్డే అట! ఆవిడకీ పాక్డేనే!

“అయ్యో ఎంత మాట బు. పెద్దింటికి కల్తీ చేస్తానా? మీది అచ్చమైనది. చుక్క కలవలేదు.”

బు కుస్నాది ఊపిరి వదిలారు. మొదటి వరుస ఊపిరి వదల్లేదు. వాళ్ళ వంతు ఇంకా రాలేదు.

“మాకో?” అంది బు ప్రసోజో.

“మీకు గరిటెడు బు. క్యానుకి గరిటెడంతే. వాసన కూడా రాదు.”

“మాకు?” వెనకనుంచి కోశాధికారి.

“రెండు గరిటెలు.”

ఒకరి తర్వాత ఒకరు అడిగారు. పాక్డే ఒకరి తర్వాత ఒకరికి చెప్పాడు. పదవి తగ్గినకొద్దీ గరిటెలు పెరిగాయి. మా జిల్లా ఆఫీసులో ఎవరి స్థానం ఏమిటో అంత స్పష్టంగా నేను ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ చదవలేదు.

బుద్ధి ఉన్న మనిషైతే అక్కడ నోరు మూసుకోవాలి. నాకు బుద్ధి ఉంది, కాలేజీ చదువు కూడా ఉంది. కాని బు ప్రసోజో నా వైపు, గరిటెడుతో సరిపెట్టుకున్న మనిషి ఎలా చూస్తుందో అలా చూసింది.

“మరి మాకెంత పాక్డే?”

ఆయన తల దించుకున్నాడు. “సగం బు.”

“సగమా?”

“ఒక్కోసారి... సగంకంటే కొంచెం ఎక్కువ.”

“మావారిదీ ప్రసోజో గారిదీ ఒకే హోదా!”

ఈ మాట నేను అరిచాను. గొంతు తనంతట తనే వణికింది. నా మాట కొండకి కొట్టుకుని తిరిగొచ్చి, అవతలివైపువాళ్ళకి కూడా వినపడింది. మావారు బండిలోంచి దిగబోయి, మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

“హోదా కాదు బు,” అన్నాడు పాక్డే, ఎంతో నొచ్చుకుంటూ. “మీరు బంధువులు. బంధువులైతే ఏమీ అనుకోరు కదా.”

బు కుస్నాది సర్దుకున్నారు. ఆవిడ ఊరికే అధ్యక్షురాలు కాలేదు. “మంచు ఎక్కువగా ఉంది. మనం ఇక్కడ ఆగలేదు,” అన్నారు. ఆగలేదని అందరూ ఒప్పుకున్నారు. పాక్డే కూడా ఒప్పుకున్నాడు. ఆవిడ మా బండిలోంచి చేతిసంచి తీసుకుని, బు ప్రసోజో బండివైపు నడిచారు. ఆ తలుపు ఎంత మెత్తగా మూసుకుందో! గరిటెడు నూనెతో ఆ బండి సన్నగా కూనిరాగం తీస్తూ మమ్మల్ని దాటింది. కిటికీలోంచి బు ప్రసోజో చెయ్యి ఊపింది.

“నెమ్మదిగా రా జెంగ్. దృశ్యం చూస్తూ రా.”

ఒక్కొక్క బండీ మా పక్కనుంచి వెళ్ళింది. దాటిన ప్రతివాళ్ళూ మన్నించమని తల వంచి మరీ దాటారు.

మిగిలింది మేమే. పాక్డే మోకుతో మా బండిని ట్రక్కుకి కట్టాడు. మావారు వెనక స్టీరింగు పట్టుకుని, ఎవరికీ కనపడకుండా ఒదిగి కూర్చున్నారు. నేను ట్రక్కులో పాక్డే పక్కన ఎక్కాను, ఒళ్ళో క్యాబేజీతో. ఇంకెక్కడా చోటు లేదు.

“కోపం వచ్చిందా బు?”

“లేదు పాక్డే. బంధువులం కదా.”

ట్రక్కు మెల్లగా ఎక్కుతోంది. నాకు నిజంగానే సిగ్గేసింది. ఈ ముసలాయన పొలానికి పొయ్యాల్సిన డీజిల్ మా ఆడంబరాలకి పోసి, అది చాలక పెళ్ళాం మూకుట్లో నూనె కూడా తెచ్చి పోశాడు. ఇక ఒక్క క్యాను కూడా తీసుకోకూడదనుకున్నాను. మనస్ఫూర్తిగా అనుకున్నాను. ఒక మలుపు దాటేదాకా అనుకున్నాను. మలుపు దాటాక మా అమ్మాయి పరీక్ష గుర్తొచ్చింది. ఉత్తర్వు నెలాఖరుకి. ఈలోగా సంఘం ఇంకో యాత్ర ఉంది, జలపాతం దగ్గర మొక్కలు నాటడానికి. ఆ కొండ దీనికంటే నిటారు, దీనికంటే చలి. బు కుస్నాది ఎవరి బండిలో వస్తారో ఇక అడగనక్కర్లేదు.

“పాక్డే, బు ప్రసోజో వాళ్ళ అమ్మమ్మది మీ కొండే కదూ?”

“కాదు బు. వాళ్ళది ఉత్తరాన ఎక్కడో.”

“సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు కూడా మీకు బంధువులే అవుతారు.”

పాక్డే కాసేపు రోడ్డు వైపే చూస్తూ నడిపాడు. జావా మనిషి కదా, ఏ మాటనీ ఒక్కసారే అర్థం చేసుకోవడం మర్యాద కాదు. తర్వాత గేరు తగ్గించి, గొంతు కూడా తగ్గించి అడిగాడు.

“ఎంత దగ్గర బంధువులు బు?”

“మాకంటే దగ్గర.”